నలభై ఒకటో కాగితం

ఒట్లు కూడా నేను పొదుపుగానే వాడతాను. డెబ్బై ఏళ్ల బతుకులో రెండే వేశాను. ఇది మూడోది. మా ఇంటి మగ్గం గుంట మీద ఒట్టు... ఇది జరిగింది. ఎవరో చెప్తే విన్నది కాదు. నా కళ్ల ముందు, నా ఇంట్లో జరిగింది.

దయ్యాలంటే నాకు లెక్కలేదు. మా వాడకట్టు ఆడవాళ్లు చీకటి పడ్డాక తోడు లేకుండా బయటికి పోరు. నేను పోతాను. బ్యాటరీ లైటు కూడా వెయ్యను, సెల్లులు దండుగ. అలాంటిదాన్ని ఆ రాత్రి నుంచి ఫోను బోర్లించి పెట్టడం మానేశాను.

నా పేరు బుచ్చమ్మ. మాది నార్కట్‌పల్లి నుంచి లోపలికి పోయే దారిలో చేనేతవాళ్ల ఊరు. చదువు మూడో తరగతి. తెలుగు చదువుతాను, నిదానంగా రాస్తాను. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. ఈ మాట మాత్రం గుర్తు పెట్టుకోండి.

నా కొడుకు యాదగిరి ఒకప్పుడు మగ్గం నేసేవాడు. ఇప్పుడు హైవే మీద హోటల్లో రాత్రి డ్యూటీ. వాడి బిడ్డ శిరీష నల్లగొండలో కంప్యూటర్ చదువు చదివి మా నేతగాళ్ల సంఘంలో పని చేస్తుంది. శిరీష తల్లి సరోజ, నా కోడలు. పిల్లకు ఏడేళ్లప్పుడు మూడు రోజుల జ్వరంతో దవాఖానలో పోయింది.

సరోజ గురించి ఒక మాట చెప్పాలి. మా దగ్గర బట్ట నేశాక బొమ్మ వెయ్యరు. నూలు మీదే వేస్తారు. గీతల కాగితం మీద గడి గడికీ చుక్కలు పెట్టుకుని, ఆ లెక్క ప్రకారం నూలుకు ముళ్లు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు పట్టదు. కాగితం మీద ఒక్క చుక్క తప్పితే చీరంతా తప్పే. ఆ కాగితాలు గీసేది సరోజ. ఇంట్లో అందరూ పడుకున్నాక, గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద పీట పెట్టుకుని గీసేది. ముళ్లు కట్టేదీ ఆమే. నా కొడుకు నేసేవాడు. అంతే.

కానీ బట్టకు ఎవరి పేరు ఉంటుంది? మగ్గం మీద కూర్చున్నవాడి పేరు. మా దగ్గర మొదటి నుంచీ అంతే. అందుకే ప్రతి కాగితం మూలన నేను దగ్గరుండి రాయించాను, యాదగిరి అని. సరోజ చేతితోనే రాయించాను.

ఒక్కసారి ఆమె మాట తప్పింది.

ఆ కాగితం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. పక్కింటి వాళ్ల మేకపిల్లలను చూసి గీసింది. అంచు పొడుగునా మేకపిల్లల వరుస. అన్నీ ముందుకు చూస్తాయి. ఒక్కటి మాత్రం తల తిప్పి వెనక్కి చూస్తుంది. కింద మూలన చిన్న అక్షరాలతో... సరోజ.

రంగు కాగబెట్టే పొయ్యి మండుతూ ఉంది. నేను కాగితం తీసుకుని అందులో పెట్టాను.

"అత్తమ్మా," అంది. "గా ఒక్కదాని మీదనే రాసుకున్న."

"ఒక్కటి రాసినోళ్లు రేపు అన్నిటి మీద రాస్తరు," అన్నాను.

ఆమె కాగితం మూలలు నల్లబడి ముడుచుకునేదాకా నిలబడి చూసింది. తర్వాత పోయి ముళ్లు కట్టుకుంది. మూడు వారాలు తిరగకముందే పోయింది. ఈ సంగతి నా కొడుక్కీ తెలియదు, శిరీషకూ తెలియదు. పొయ్యి దగ్గర మేమిద్దరమే ఉన్నాం.

సరే. అది అట్లా ఉంచండి.

శిరీష పెద్దదయింది. సంఘంలో చేరింది. ఊళ్లో అందరి డిజైన్లూ కంప్యూటర్‌లో ఎక్కించాలన్నారు. ఎక్కడో దూరాన పెద్ద మిషన్లు ఉంటాయట, వాటిలో కొంత జాగా కిరాయికి తీసుకుంటారు. దాన్నే క్లౌడ్ అంటారు. ఆ జాగాలో పేర్లు, బొమ్మలు, లెక్కలు వరుసగా సర్ది పెట్టిన పెట్టె లాంటిది డేటాబేస్. నేను సంఘంలో డైరెక్టరును కాబట్టి ఆ పెట్టెకు తాళంచెవులు ఇద్దరికే ఇచ్చారు. ఒకటి శిరీషకు, ఒకటి నాకు. నా తాళంచెవితో తెరవాలంటే నా ఫోనుకు ఆరంకెల నంబరు రావాలి. నేను ఒక్కనాడూ తెరిచి ఎరుగను.

సరోజ కాగితాలు నలభై మిగిలాయి. శిరీష ఫోటోలు దించింది. పాత కాగితం కదా, చుట్టుకుపోయేది. కింద ఎడమ మూలన నా బొటనవేలు అదిమి పట్టాను. నలభై ఫోటోల్లోనూ ఆ మూలన నా వేలు ఉంటుంది. పిల్ల నవ్వింది.

"అవ్వా, నీ ఏలు గుడ ఎక్కింది కంప్యూటర్ల."

"ఎక్కనియ్. దానికి వేరే కిరాయి అడుగరు గద?"

ఫోటోలు ఎక్కాక ఇంక కాగితాలు ఎందుకు? కిరాణా కొట్టులో ఇచ్చి అరకిలో చక్కెర తెచ్చాను. సరోజ గీసిన ఏనుగులు, హంసలు అన్నీ ఊళ్లోవాళ్లు పల్లీల పొట్లాలుగా తీసుకుపోయారు. శిరీష రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "పోనీలే, అండ్ల ఉన్నయి గద," అంది.

ఇంకొకటి. ఆ పెట్టెకు రోజుకొక నకలు తీసి దాచి పెడతారు. ముప్పై రోజుల నకళ్లు ఉంటాయి, పాతది పోతూ కొత్తది చేరుతూ. మీటింగులో అది విని నేను లేచాను.

"ఉన్నదానికి కిరాయి కడ్తున్నం. దాని నకలుకు గుడ కిరాయేనా? అది గుడ ముప్పయ్యా? ఒక్క ఇంటికి ముప్పై తాళాలు ఏస్తరా ఎవరన్న?"

"ఎప్పుడన్న తప్పు జరిగితే ఎనక్కి తెచ్చుకోనీకి అవ్వా," అని శిరీష చెప్పింది.

"తప్పు చెయ్యకుంటే సాలు. ఏడు ఉంచు."

ఏడు ఉంచారు.

ఇప్పుడు ఆ రాత్రికి వస్తాను.

పెత్రమాస. పెద్దలకు బియ్యం ఇచ్చే అమావాస్య. పొద్దున అయ్యగారు ఒక్కొక్కరి పేరూ అడుగుతున్నాడు. మా ఆయన పేరు చెప్పాను. మా మామ పేరు, అత్త పేరు చెప్పాను. నాలుగో పాలు బియ్యం పెట్టి, "యాదగిరి భార్య," అన్నాను. శిరీష నా పక్కనుంచి, "సరోజ," అంది. మెల్లగానే అంది. అయ్యగారు రెండోసారి అడగకుండా ఆ పేరే చెప్పి బియ్యం తీసుకున్నాడు.

రాత్రి తిని, గిన్నెలు కడిగి, నేను మంచం మీద ఒరిగాను. యాదగిరి డ్యూటీకి పోయాడు. ఏటా పెత్రమాస రాత్రి శిరీష తల్లి బొమ్మలు తెరిచి చూసుకుంటుంది. ఆ రోజూ లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చుంది.

కీబోర్డు చప్పుడు... టక టక. ఆగింది. మళ్లీ టక టక. మళ్లీ ఆగింది. తర్వాత ఎంతసేపటికీ చప్పుడు లేదు.

"ఏమైంది బిడ్డా?"

తెర మీదికే వంగి ఉంది.

"శిరీషా."

"అవ్వా... అమ్మవి లేవు."

"లేవంటే?"

"పోయినయి. నాయిన పేరు మీద ఒక్కటి గుడ లేదు."

నేను లేచి కూర్చున్నాను. పిల్ల ముఖం తెల్లగా ఉంది. తెర వెలుగుకు అట్లా కనిపించిందేమో, తెలియదు. 

జరిగింది ఇది. మా సంఘంలో ఇద్దరు యాదగిరులు. ఒకడు నా కొడుకు. రెండోవాడు సంఘం విడిచి పోయాడు, పోతూ తన డిజైన్లు తీసెయ్యమని రాసిచ్చాడు. పదకొండు రోజుల కింద శిరీష కూర్చుని, యాదగిరి అని పేరున్నవి తీసెయ్యమని కంప్యూటర్‌కు చెప్పింది. వాడివీ పోయాయి. ఆ పేరు మీదే ఉన్న సరోజవీ పోయాయి.

పేరు సరోజ అని ఉంటే... ఉండేవి.

ఆ మాట శిరీష నోరు తెరిచి అనలేదు. నా దిక్కు చూసింది. అంతే.

"నకలు ఉంటది గద? ఎనక్కి తే," అన్నాను.

"ఏడు రోజులయే ఉన్నయి. తీసేసి పదకొండు రోజులు అవుతాంది."

గోడ గడియారం చప్పుడు వినిపిస్తూ ఉంది.  ఏం మాట్లాడతాను? కాగితాలు ఇచ్చి చక్కెర తెచ్చింది నేను. నకళ్లు కోసింది నేను. పేరు రాయించింది నేను. ఆ పిల్లకు తల్లిది మిగిలిందల్లా ఆ నలభై బొమ్మలు. ముఖం కూడా సరిగ్గా గుర్తు లేదు దానికి.

శిరీష హైదరాబాద్‌కు ఫోన్ చేసింది. మొదట ఇదంతా పెట్టించి పోయిన కిరణ్ అనే పిల్లగాడికి. స్పీకర్ పెట్టింది.

"కిరణన్నా, రోజువారీవి అయిపోయినయి. ఇంక ఏం దారి లేదా?"

"చేత్తోని తీసి పెట్టినయి ఏమన్న ఉన్నయేమో చూడు చెల్లె. అయి వాటంతట అయి పోవు. మనం తీసేస్తేనే పోతయి."

"నేను ఎన్నడూ తియ్యలే అన్నా."

"జర చూడైతే. కింద వేరే లిస్టు ఉంటది."

చూసింది. టక్... టక్. ఆగిపోయింది.

"ఒకటి ఉన్నది," అంది.

"సూసినవా మరి. ఎప్పటిది?"

"తీసేసిన రోజుదే. పొద్దుగాల పది గంటలకు నేను తీసేసిన. ఇది... దానికంటే ముందు, తెల్లారకముందే రెండు నలభైకి తీసింది ఉన్నది."

"మంచిదాయె గద. నువ్వే తీసి మర్చిపోయినవ్."

"నేను ఆ రాత్రి ఊళ్లోనే లేను అన్నా. తిరుమలగిరిల మా దోస్తు ఇంట్ల ఉన్న, పొద్దుగాల వచ్చిన. లాప్‌టాప్ ఈడనే ఉండె."

కిరణ్ మళ్లీ అడిగాడు.

"ఎవరి తాళం మీద తీసినట్టు ఉన్నది?"

శిరీష తెర మీద వేలు పెట్టి చదివింది. ఆ వేలు అక్కడే ఆగింది. నా దిక్కు తిరిగింది.

"అవ్వది."

నవ్వొచ్చింది నాకు. నిజంగా నవ్వాను. "నాకు ఆన్ చేసుడే రాదు," అన్నాను.

"అవ్వా, నీ ఫోను ఇటియ్యి."

గూట్లో ఉన్న ఫోను తీసి ఇచ్చాను. ఆ రాత్రివి వెతికింది. ఉంది. ఆరంకెల నంబరు మెసేజి. రెండు ముప్పై ఆరుకు వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు... ఆ రాత్రి. మెలకువ వచ్చింది. ఇల్లంతా చీకటి. గూట్లో ఫోను వెలిగింది. కంపెనీ వాళ్లు రాత్రి కూడా నిద్ర పోనివ్వరని తిట్టుకుని, లేచి, ఫోను బోర్లించి వచ్చి పడుకున్నాను. మళ్లీ నిద్ర పట్టేలోపు ఏదో చప్పుడు విన్నాను. టక... టక... ఆగి ఆగి. గడి గడికీ చూసుకుంటూ చుక్కలు పెట్టినట్టు. ఎలుక అనుకున్నాను. అప్పుడు ఎలుకే అనుకున్నాను.

ఇది నేను శిరీషకు చెప్పలేదు.

"తెస్తవా మరి?" అన్నాను.

"తెస్త. పాతదాని మీద పడదు ఇది. పక్కన ఇంకోటి కొత్తది లేస్తది. ఆ రాత్రి ఉన్నది ఉన్నట్టు."

మగ్గం మీది పాత పడుగు కదపకుండా పక్కన కొత్త పడుగు పోసినట్టు. అంతవరకు నాకు అర్థమైంది.

నొక్కింది. ఇంక మేం చేసేది ఏం లేదు. కూర్చోవడమే. తెర మీద ఒక చిన్న చక్రం తిరుగుతూ ఉంది. లాప్‌టాప్ లోపల ఫ్యాను సుయ్యిమని మొదలైంది... తగ్గింది... మళ్లీ సుయ్యిమంది. కిరణ్ ఫోన్‌లోనే ఉన్నాడు, వాడి ఊపిరి వినిపిస్తూ ఉంది.

"ఎంతసేపు పడ్తది?"

"సెప్పలేం అవ్వా. అరగంట. గంట."

"ఈ గంటకు గుడ కిరాయి పడ్తదా?"

"పడ్తది," అంది శిరీష. నవ్వలేదు.

మొదటిసారి నేను ఎంత అని అడగలేదు.

పన్నెండు దాటింది. చక్రం ఆగింది. పచ్చ గుర్తు పడింది. శిరీష లోపలికి పోయి చూసింది. ముందు ఎన్ని వచ్చాయో లెక్క పెట్టమంది కంప్యూటర్‌ను. మా ఇంటి నంబరు కొట్టింది.

నలభై ఒకటి.

"నలభై గద మనం ఎక్కిచ్చింది," అన్నాను.

"నలభైయే." మళ్లీ లెక్క పెట్టించింది. నలభై ఒకటి. ఒక్కొక్కటీ తెరిచింది. మొదటిది ఏనుగు. కింద ఎడమ మూలన నా బొటనవేలు. రెండోది. నా వేలు. మూడోది. నా వేలు. పదో, పదిహేనో అయ్యాయి. శిరీష ఏడుస్తూ నవ్వుతూ ఉంది. "వచ్చినయి అన్నా, అన్నీ వచ్చినయి," అని ఫోన్‌లో చెప్తూ ఉంది. ముప్పై. ముప్పై ఐదు. నలభై. అన్నింట్లో నా వేలు.

నలభై ఒకటోది తెరిచింది.

బొమ్మ వెంటనే రాలేదు. పై నుంచి కిందికి మెల్లగా దిగింది. ముందు ఖాళీ గడులు... తర్వాత చెవులు. చిన్న చిన్న చెవులు, వరుసగా. తర్వాత తలలు.

మేకపిల్లలు.

 మంచం పట్టె పట్టుకున్నాను. ఇంకా దిగుతూ ఉంది బొమ్మ. అన్నీ ముందుకు చూస్తున్నాయి. ఒక్కటి... తల తిప్పి... వెనక్కి చూస్తూ ఉంది.

కింద మూలన పేరు ఉంది. నిదానంగా చదువుతాను అన్నాను కదా. దాన్ని చదవడానికి నాకు క్షణం పట్టలేదు.

"అవ్వా, ఇది యాడిది? అమ్మ పేరు ఉన్నది. అమ్మ రాసుకున్నది."

"నాకు తెల్వదు," అన్నాను.

అది అబద్ధం. ఒట్టు వేసి చెప్తున్నాను కాబట్టి అదీ చెప్తున్నాను.

"కాయిదం పట్టుకున్న ఏలు సూడు. ఇది నీది కాదు గద?"

చూశాను. ఈ కాగితాన్ని కింద ఎడమ మూలన ఎవరూ పట్టుకోలేదు. పైన కుడి మూలన ఒక బొటనవేలు ఉంది. గోరు నడిమి నుంచి రెండుగా చీలి ఉంది. చీలికలో నల్లటి గీత. ముళ్లు కోసే కత్తి తగిలి చీలిన గోరు అట్లా పెరుగుతుంది. లోపల పట్టిన రంగు ఎన్ని నీళ్లు పోసినా పోదు. ఆ వేలితో నాకు ఎనిమిదేళ్లు అన్నం పెట్టింది.

శిరీష ఆ వేలిని గుర్తు పట్టలేదు. తెర దగ్గరికి ముఖం పెట్టి, "ఎవరిదో," అంది.

ఎప్పుడు ఎక్కిందో చూడమన్నాడు కిరణ్. రెండు ముప్పై ఎనిమిది. ఎవరి తాళం మీద? నాదే. ముప్పై ఆరుకు నంబరు వచ్చింది. ముప్పై ఎనిమిదికి బొమ్మ ఎక్కింది. రెండు నలభైకి మొత్తం నకలు తీసి పెట్టారు... పొద్దున పదింటికి అన్నీ పోతాయని ముందే తెలిసినట్టు.

"మీ అమ్మనే ఎవరి ఫోన్లనో ఫోటో దించి ఉంటది చెల్లె. ఇప్పుడు ఎవరో ఎక్కిచ్చిండ్రు," అన్నాడు కిరణ్.

కావచ్చు. కాల్చకముందు దించిందేమో. ఎవరి ఫోన్‌తో దించింది? మా ఇంట్లో అప్పుడు ఉన్నది నొక్కుడు ఫోను ఒక్కటే, అది నా కొంగుకే ఉండేది. పోనీ దించింది అనుకుందాం. ఎవరు ఎక్కించారు? ఆ రాత్రి ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. నిద్రలో లేచి నేనే చేశానా? ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదని మొదటే చెప్పాను.

శిరీష వెనక్కి తెచ్చిన నలభై బొమ్మలూ అసలు పెట్టెలోకి ఎక్కించింది. తర్వాత ఫోను నా చేతిలో పెట్టింది.

"పేరు మారుస్తున్న అవ్వా. నువ్వు గుడ ఒప్పుకోవాలె. నంబరు వస్తది, సెప్పు."

ఫోను వెలిగింది. ఆరంకెలు. ఒక్కొక్కటీ చదివి చెప్పాను. నాకు తెలిసి నేను నా తాళంచెవి వాడింది ఆ ఒక్కసారే. నలభైకీ యాదగిరి పోయి సరోజ వచ్చింది. నలభై ఒకటోదానికి మార్చాల్సిన పని పడలేదు. అది ఎక్కిందే సరోజ పేరు మీద, అసలు పెట్టెలోంచి పోనేలేదు.

ఇప్పుడు నకళ్లు మళ్లీ ముప్పై రోజులవి ఉంచుతున్నారు. మీటింగులో నేను లేవలేదు. ఫోను తెర పైకి ఉండేట్టు గూట్లో పెడుతున్నాను. రాత్రి రెండు దాటాక మెలకువ వస్తుంది. చూస్తాను. ఇంతవరకు మళ్లీ వెలగలేదు.

శిరీష ఆ మేకపిల్లల చీర నేయించాలని నూలు తెచ్చింది. ముళ్లు కట్టడం నన్ను నేర్పమంటోంది. అడపాదడపా అడుగుతుంది, "అవ్వా, గా కాయిదం ఏమైంది?" అని. చెదలు పట్టిందన్నాను ఒకసారి. ఇంటికి సున్నం వేసినప్పుడు పోయిందన్నాను ఇంకోసారి. రెండు అబద్ధాలు కలవలేదని దానికి తెలుసు. నా ముఖం చూసి ఊరుకుంటుంది.

అందుకే ఇదంతా రాశాను. పాత క్యాలెండరు వెనక, నాలుగు రోజులు పట్టింది. దీనికి నకలు లేదు. రాయడం ఇప్పుడే అయింది. శిరీష రంగు కాగబెట్టడానికి నీళ్లు తేవడానికి పోయింది. పొయ్యి మండుతూ ఉంది, నా మోకాళ్ల ముందే. ఈ కాగితం పిల్లకు ఇవ్వాలో, పొయ్యిలో పెట్టాలో చూస్తూ కూర్చున్నాను.

మునుపైతే ఇంతసేపు ఆలోచించకపోదును. కాల్చిన కాగితం ఎక్కడికి పోతుందో అప్పుడు నాకు తెలుసు.